నాలుగు బండ్లు, మూడు జిల్లాలు



కార్తీక మాసం, శనివారం, తెల్లవారుజామున అయిదున్నర. గద్వాల కోట గోడ పక్కన నాలుగు మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. లోపల చెన్నకేశవస్వామి గుడిలో గంట మోగుతోంది. చలికి చేతులు కొంకర్లు పోతున్నా మా నలుగురి ముఖాల్లోనూ నవ్వే. నెల రోజులుగా అనుకుంటున్న ప్రయాణం అది. గద్వాలలో బయలుదేరి, జూరాల దగ్గర కృష్ణ దాటి, ఆత్మకూరు, కొత్తకోట, పెబ్బేరు, శ్రీరంగాపురం చూసుకుంటూ కొల్లాపూర్ చేరాలి. సోమశిలలో మళ్లీ కృష్ణమ్మను చూసి, నాగర్‌కర్నూల్, వనపర్తి చుట్టి, బీచుపల్లి వంతెన మీదుగా రాత్రికి ఇల్లు చేరాలి. సుమారు 280 కిలోమీటర్లు. ఆ ఒక్క రోజు సంగతి ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను.

ముందు ఆ బండ్ల గురించి ఒక మాట. స్పోర్ట్స్ బైకు అనగానే మన ఊళ్లలో చాలామందికి చెవులు చిల్లులు పడే చప్పుడు, ముందు చక్రం గాలిలోకి లేపే కుర్రాళ్లు గుర్తొస్తారు. కొందరు అట్లా నడుపుతున్నారు, అందుకే ఆ పేరు పడింది. కానీ ఆ బండిని ప్రాణంగా చూసుకుని, దాని తీరు తెలుసుకుని నడిపేవాళ్లు కూడా మన మధ్యే ఉన్నారు. మా నలుగురిలో ఒకాయన మెకానిక్. వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, గద్వాలలో షెడ్డు పెట్టుకున్నాడు. ఆయనది కేటీఎం ఆర్‌సీ 390. ఇంకొకామె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, నాకు చెల్లెలు వరస. ఆమెది పల్సర్ ఆర్‌ఎస్ 200. మూడో అతను విత్తనాల దుకాణం నడిపే కుర్రాడు, మాలో అందరికంటే చిన్నవాడు. అతనిది అపాచీ ఆర్‌ఆర్ 310. నాది యమహా ఆర్‌15. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి.

మా పెద్దనాయన కాలంలో మా ఊళ్లో మోటారు సైకిల్ అంటే రాజ్‌దూత్. పాల క్యాన్లు దాని మీదే, ఆర్‌ఎంపీ డాక్టరు రావడం దాని మీదే. ఎజ్డీ ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. దాని చప్పుడు వినే ఫలానావాడు వస్తున్నాడని వీధి చివర నుంచే చెప్పేవాళ్లం. 1996లో దాని తయారీ ఆగిపోయినా, ఇప్పటికీ మా మెకానిక్ షెడ్డుకు ఆ బండ్లు మరమ్మతుకు వస్తూనే ఉన్నాయి. 2001లో పల్సర్, 2008లో ఆర్‌15, 2012లో కేటీఎం డ్యూక్. ఇట్లా ఒక్కో బండి వచ్చినప్పుడల్లా పల్లె కుర్రాడి కల ఒక మెట్టు పైకి జరిగింది.

స్పోర్ట్స్ బైకు మీద కూర్చునే తీరే వేరు. హ్యాండిల్ కిందికి ఉంటుంది, కాళ్లు పెట్టుకునే కడ్డీలు వెనక్కి, కాస్త పైకి ఉంటాయి. మనిషి ట్యాంకు మీదికి వంగాల్సిందే. గాలి ఛాతీకి కొట్టకుండా భుజాల మీదుగా జారిపోతుంది. మంచి తారు రోడ్డు మీద, కనుచూపు మేర ఎవరూ లేనిచోట ఆ బండి నడిపితే, అది మన ఒంట్లో భాగమే అనిపిస్తుంది. ఆ సుఖం మాటల్లో చెప్పడం కష్టం. అయితే గతుకుల మీద అదే బండి మణికట్లనూ నడుమునూ నలగ్గొడుతుంది. దాని స్ప్రింగులు గట్టివి, బండి కడుపు నేలకు దగ్గర. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కించామంటే కింద గీసుకుపోతుంది. పల్లె రోడ్డు మీద స్పోర్ట్స్ బైకు నడపాలంటే ఓపిక కావాలి.

బయలుదేరే ముందు మెకానిక్ అన్న ఒక్కో బండి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి లైటు నోట్లో పట్టుకుని, చైను కింది వైపు మధ్యలో వేలు పెట్టి పైకి కిందికి ఆడించాడు. నా బండి చైను కొంచెం వదులైంది. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కలా గీతలు సమానంగా వచ్చేదాకా తిప్పి బిగించాడు. మళ్లీ వేలు పెట్టి చూశాడు. తర్వాత టైర్లు. గాలి కొలిచే గేజీ పెట్టి, ఎండ ఎక్కేకొద్దీ గాలి ఇంకా పెరుగుతుందని, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలని చెప్పాడు. బ్రేకు ప్యాడ్లు వంగి చూశాడు. అరగంట పట్టింది. కుర్రాడు తొందరపడుతుంటే, "తమ్మీ, రోడ్డు మీద చేసుకోలేని పని ఇక్కడే చేసుకోవాలె" అన్నాడు.

చెల్లెలు వాళ్లమ్మ కూడా కోట దాకా వచ్చింది. గద్వాల చీరలు నేసే ఇల్లు వాళ్లది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయడం మా ఊరి నేతగాళ్ల ప్రత్యేకత. తిరుమల వేంకటేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాలకు ఏటా ఏరువాడ జోడు పంచెలు వెళ్లేది కూడా ఇక్కడి మగ్గాల మీది నుంచే. తెగిన పోగు అతికే ఆ వేళ్లతోనే ఆమె బిడ్డ గదవ కింద హెల్మెట్ పట్టీ లాగి చూసింది. ఊడలేదు. "పైలం బిడ్డా" అని మాత్రం అంది.

జాగ్రత్త అనే మాట నిఘంటువులో ఉంటుంది. పైలం అనే మాట మా పాలమూరు ఇళ్లలో గడప దగ్గర ఉంటుంది.

ధరూరు వైపు రోడ్డు ఎక్కేసరికి తూరుపు ఎరుపెక్కింది. ఇది నడిగడ్డ. ఒక పక్క కృష్ణ, మరో పక్క తుంగభద్ర, మధ్యలో నేల. రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. కంది పూత పసుపు పచ్చగా కనబడుతోంది. మంచు ఇంకా విడవలేదు. అందరి కంటే ముందు మెకానిక్ అన్న, ఆయన వెనక చెల్లెలు, తర్వాత కుర్రాడు, చివర నేను. ఒకరి వెనక ఒకరం నేరుగా పోకుండా, మా వైపు రోడ్డులోనే ఒకరు కుడి పక్కకు, ఒకరు ఎడమ పక్కకు జరిగి, మధ్యలో రెండు సెకన్ల ఎడం పాటించాం. ముందున్నవాళ్లు ఉన్నట్టుండి ఆగితే వెనకవాళ్లకు తప్పుకునే చోటుండాలి కదా.

రేవులపల్లి దగ్గర జూరాల. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక దాటి తెలంగాణలో అడుగుపెట్టిన కృష్ణకు మన గడ్డ మీద మొదటి ఆనకట్ట ఇదే. పేరు ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు. ఆ పొద్దున నీళ్లు నిండుగా, కదలకుండా ఉన్నాయి. వర్షాకాలంలో గేట్లెత్తినప్పుడు ఇదే చోట జనం కిటకిటలాడతారు. ఆనకట్ట పక్కన చేపలు వేయించి అమ్మే దుకాణాల పేరు హైదరాబాదు దాకా పాకింది. మేం వెళ్లేసరికి ఇంకా పొయ్యిలు అంటించలేదు. బండ్లు ఆపి, నీళ్ల మీద ఎగిరే కొంగలను చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాం. ఇంజన్లు ఆపేశాక వినబడ్డ ఆ నిశ్శబ్దం కోసమైనా బండి మీద పోవాలి అనిపించింది.

ఆత్మకూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగుల్లో పుట్నాల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాలింపు. రాయచూరు, కర్నూలు, గద్వాల మూడు దిక్కుల రుచి ఆ ప్లేటులో ఉంటుంది. ఈ ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ నుంచి ఏలిన జటప్రోలు, ఇవన్నీ నిజాం కింద ఉన్న సంస్థానాలే. ఆనాడు ఒక సంస్థానం నుంచి ఇంకో సంస్థానానికి ఎడ్లబండి మీద పోవాలంటే ఒక పగలు సరిపోయేది కాదు. మేం ఒక్క రోజులో నాలుగూ చూసి వచ్చాం.

ఆత్మకూరు దాటాక రోడ్డు మీద గుంపులు గుంపులుగా నడిచిపోయే జనం ఎదురయ్యారు. కురుమూర్తి జాతరకు పోయేవాళ్లు. కార్తీకంలో కురుమూర్తి కొండ మీది స్వామికి ఉద్దాల ఉత్సవం జరుగుతుంది. ఉద్దాలంటే పాదరక్షలు. చిన్న వడ్డెమాన్‌లో తోలుతో వాటిని కుట్టి, ఊరేగింపుగా కొండకు తీసుకుపోతారు. నడిచేవాళ్లలో ముసలివాళ్లున్నారు, చంకన బిడ్డనెత్తుకున్న తల్లులున్నారు, చెప్పుల్లేని కాళ్లున్నాయి. మెకానిక్ అన్న ఎడమ చెయ్యి కిందికి ఊపి సైగ చేశాడు. రెండో గేరులోకి దిగి, మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, చప్పుడు చేయకుండా ఆ జనం మధ్య నుంచి వెళ్లాం. ఒక పిల్లవాడు కుర్రాడి ఎర్ర బండిని చూసి చెయ్యి ఊపాడు. కుర్రాడు హెల్మెట్ అద్దం ఎత్తి నవ్వాడు. ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయినవాటిలో ఆ నవ్వు ఒకటి.

కొత్తకోట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు. మన పెద్దవాళ్లకు ఇంకా ఏడో నంబరు రోడ్డే. అక్కడ నుంచి పెబ్బేరు దాకా వేగంగానే వెళ్లాం. నిజం చెప్పాలంటే ఆ ముక్కలో చెప్పడానికేమీ లేదు. లారీలు, టోల్ బోర్డులు, ఎండ. పెబ్బేరులో శనివారం సంత జోరుగా సాగుతోంది. ఎడ్లు, గొర్రెలు, బేరాలు, దుమ్ము. మేం హైవే దిగి, శ్రీరంగాపురం రోడ్డు పట్టాం.

శ్రీరంగాపురంలో వనపర్తి రాజులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, దాని చుట్టూ రంగసముద్రం చెరువు. వనపర్తి సంస్థానం కింద తవ్వించిన పెద్ద చెరువులను ఇక్కడివాళ్లు సప్త సముద్రాలంటారు. వానకు వేచి చూసే నేల మీద చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్నారంటే, నీళ్ల మీద ఈ మనుషులకున్న ఆశ అర్థమవుతుంది. గుడి గోపురం నీడ నీళ్లలో కదులుతోంది. అక్కడ కూర్చునే మెకానిక్ అన్న మాకు ఒక పాఠం చెప్పాడు. ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఆ తర్వాత గంటలోపే దాని విలువ తెలిసింది.

మలుపు తిరిగేటప్పుడు రోడ్డు రెండు అంచులూ దూరంగా ఒకచోట కలిసినట్టు కనబడతాయి. కన్ను ఆ చోటు మీదే పెట్టాలి. మనం ముందుకు పోతుంటే ఆ చోటు కూడా ముందుకు జరుగుతూ పోతోందంటే మలుపు విడుతోందని అర్థం. అది కదలకుండా నిలబడి, మన మీదికి వస్తున్నట్టు అనిపించిందంటే మలుపు బిగుస్తోందని అర్థం. వెంటనే వేగం తగ్గించాలి. ఎంత వేగంతో పోవాలనేదానికి కొలత ఒక్కటే: కనబడినంత దూరంలో బండి ఆపుకోగలగాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే ఆ 17 మీటర్లూ దాటిపోతాం. బ్రేకు వేశాక ఆగే దూరం, వేగం రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఎదురుగా చెరుకు తోట ఉన్నా, గుట్ట ఉన్నా, చూపు ఆగినచోటే మన ధైర్యం కూడా ఆగాలి.

శ్రీరంగాపురం దాటి వీపనగండ్ల వైపు పోతున్నాం. వరి కోతలు అయిపోయిన కాలం. ఒక ఊరు దాటాక చింతచెట్ల కింద ఎడమకు తిరిగే మలుపు. చెట్ల నీడలో నల్లటి రోడ్డు. మెకానిక్ అన్న, చెల్లెలు ఆ మలుపులో మెల్లగా తిరిగి వెళ్లారు. కుర్రాడు 70 దాకా ఉన్నాడు. మలుపు తిరగ్గానే రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచున రాళ్లు పేర్చారు, వాటి పక్కన నీలం టార్పాలిన్ చుట్ట. అతను వంచిన బండిని లేపి, ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. అప్పటికే ముందు టైరు వడ్ల మీదికి పోయింది.

వెనక నుంచి నేను చూశాను. బండి ఒక పక్కకు ఒరిగి, గింజలు చెల్లాచెదురు చేస్తూ జారింది. కుర్రాడు దాని నుంచి విడిపోయి వెల్లకిలా జారి, రాళ్ల వరుసకు మూరెడు దూరంలో ఆగాడు.

ఆ నాలుగు సెకన్లు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి.

వడ్ల గింజ గట్టిగా, నున్నగా, పొడుగ్గా ఉంటుంది. టైరు దాని మీద తారును పట్టుకోలేదు. ఇనుప గోళీల మీద నడిచినట్టే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండాలన్న నిబంధన వచ్చింది. చక్రం బిగుసుకుపోకుండా అది బ్రేకును పట్టి వదులుతుంది. తారు మీద, తడి రోడ్డు మీద ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ పట్టే లేని చోట అదైనా ఏం చేస్తుంది? ఇసుక, మొరం, వడ్లు, వీటి మీద ఆగే దూరం ఇంకా పెరుగుతుంది.

చెల్లెలు వెనక్కి తిరిగి వచ్చి, బండి నిలబెట్టీ నిలబెట్టక ముందే అతని పక్కన కూర్చుంది. లేవనియ్యలేదు. "కదలకు. నీ పేరు చెప్పు. వేళ్లు ఆడించు. మెడ నొప్పి ఉందా?" ఒక్కొక్కటే అడిగింది. హెల్మెట్ తీయబోయిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. పడ్డవాడికి తెలివి ఉండి, ఊపిరి బాగా ఆడుతుంటే తొందరపడి హెల్మెట్ లాగకూడదట, మెడ ఎముకకు దెబ్బ ఉంటే ఆ లాగుడే ప్రమాదం. అన్నీ చూసి, తానే మెడకు ఆసరా పెట్టి మెల్లగా తీసింది. ఎడమ అరచేతి తొడుగు చినిగిపోయి లోపలి తోలు బయటపడింది. చెయ్యి మాత్రం క్షేమం. హెల్మెట్ వెనక భాగంలో రెండు వేళ్ల వెడల్పున గీత. ఆ గీత తల మీద పడవలసింది.

ఇంతలో రోడ్డు అవతలి వైపు నుంచి ఒక ముసలామె పరుగున వచ్చింది. చేతిలో వడ్లు తిరగేసే చెక్క పార. "ఏమాయె బిడ్డా! కాళ్లు చేతులు మంచిగున్నయా?" అంది. కుర్రాడు లేచి కూర్చుని అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నీ వడ్లు చెదిరిపోయినయ్ అవ్వా." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "వడ్లు పోతె పోనీ నాయనా, మల్ల ఎత్తుకుంట. నీకేమన్న అయితె మీ అమ్మకు నేనేం జెప్దు?"

నలుగురం కలిసి చీపుర్లు పట్టాం. గింజల్లో కలిసిన చిన్న రాళ్లు ఏరాం. ఆ గంటసేపట్లో ఆమె చెప్పిన సంగతి శ్రోతలు వినాలి. కోత మిషను పెట్టి కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తూకం వేయరు. ఇంటి ముందర జాగా లేదు. చేలో మట్టి కలుస్తుంది, పైగా రాత్రి మంచుకు నేల తడుస్తుంది. తారు రోడ్డు పగలంతా వేడెక్కి, కింద నుంచి కూడా ఆరబెడుతుంది. రెండు రోజుల్లో గింజ గలగలలాడుతుంది. అందుకే రోడ్డు. "మాకు మాత్రం తెలవదా నాయనా, రోడ్డు మీద పోసుడు తప్పని? కల్లం ఉంటె ఈ రోడ్డు మీద కూసునే కర్మ మాకెందుకు?"

ఆమెను తప్పు పట్టే నోరు నాకు రాలేదు. ఆ రోడ్డు మీద పోయే హక్కు మాకెంత ఉందో, ఆ పంట ఆరబెట్టుకునే అవసరం ఆమెకు అంతకంటే ఎక్కువ ఉంది. కానీ రాళ్ల మాట ఆమెతో చెప్పాను. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనబడవు, వడ్లను కాపాడుకోవడానికి పెట్టిన రాయే ఒకరి ప్రాణం తీస్తుంది. ఆమె సరేనంది. మెకానిక్ అన్న చింతకొమ్మలు విరిచి తెచ్చి, మలుపుకు చాలా ముందే రోడ్డు వారన పెట్టాడు, దూరం నుంచే కనబడేట్టు. రాళ్లు తీసి, ఇసుక నింపిన సంచులు పెట్టాం. వెళ్లేటప్పుడు ఆమె మా నలుగురికీ మజ్జిగ ఇచ్చింది. చెల్లెలి తల నిమిరి, "ఆడిబిడ్డవు, నువ్వు గూడ నడుపుతవా?" అని మురిసిపోయింది.

నడపడమే కాదు. 2018లో మన హైదరాబాదు నుంచి జై భారతి, మరో ముగ్గురు ఆడవాళ్లు మోటారు సైకిళ్ల మీద ఆగ్నేయాసియాలో మెకాంగ్ నది దేశాల దాకా వెళ్లి వచ్చారు. సుమారు 17,000 కిలోమీటర్లు. మా చెల్లెలు ఆ వార్త చదివాకే బండి నేర్చుకుంది.

కుర్రాడి బండి క్లచ్ లివరు వంగింది, పక్క అద్దం పగిలింది. మెకానిక్ అన్న లివరు సరిచేశాడు. అక్కడి నుంచి కుర్రాణ్ణి మధ్యలో పెట్టుకుని కొల్లాపూర్ చేరాం. జటప్రోలును ఏలిన సురభి రాజుల ఊరు, మామిడి తోటల ఊరు. అది పళ్ల కాలం కాదు గనుక ఆగకుండా సోమశిల దారి పట్టాం.

సోమశిల దగ్గర కృష్ణ వేరే నది అనిపిస్తుంది. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు, చుట్టూ నల్లమల కొండలు. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. పాత గుళ్లను రాయి రాయి విప్పి ఒడ్డుకు చేర్చి మళ్లీ కట్టారు. ఆలంపూర్‌లోని కూడవెల్లి సంగమేశ్వరాలయం, జటప్రోలు ఆలయాలు అట్లా తరలివచ్చినవే. అవతలి ఒడ్డు సిద్ధేశ్వరం, ఆంధ్రప్రదేశ్. ఇక్కడి జనానికి పడవే దారి. 2007 జనవరిలో ఈ నీళ్ల మీదే పడవ మునిగి 61 మంది చనిపోయారు. వంతెన కావాలన్న కోరిక అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది. 2022లో కేంద్రం 1,082 కోట్ల రూపాయలతో ఇక్కడ తీగల వంతెనకు అనుమతి ఇచ్చింది.

ఒడ్డున జొన్నరొట్టె, చేపల పులుసు తిన్నాం. కుర్రాడు ఎక్కువ మాట్లాడలేదు. తిన్నాక నీళ్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. చెల్లెలు వెళ్లి పక్కన కూర్చుని ఒక లెక్క చెప్పింది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవాళ్లే 50,029 మంది. "ఆ లెక్కలోకి పోకుండ నిన్ను ఆపింది ఇదే" అని అతని హెల్మెట్ మీది గీతను వేలితో చూపింది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు. లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బను మింగలేదు. ఊరికి పోగానే అది పడేసి, ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనమంది. వారంలో కొన్నాడు.

పొద్దున బయలుదేరినప్పుడు కుర్రాడికి ఒక కోరిక ఉండేది. అచ్చంపేట మీదుగా మన్ననూరు పోయి, నల్లమలలో శ్రీశైలం రోడ్డు మీద మలుపులు చూడాలని. ఆ రోజు అది వద్దనుకున్నాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారిలో వాహనాలను పోనివ్వరు. పగలు పోనిచ్చినా అది పరుగు పందేనికి పెట్టిన రోడ్డు కాదని నా గట్టి నమ్మకం. జింక రోడ్డు దాటేటప్పుడు హారన్ విని ఆగదు. అక్కడ పోవాలంటే ఇంజన్ చప్పుడు తగ్గించి, చెంచుల ఇళ్ల ముందు నుంచి నడిచిపోతున్నట్టు పోవాలి.

సోమశిల నుంచి నాగర్‌కర్నూల్ దారిలో సాయంత్రపు ఎండ పక్క నుంచి పడుతోంది. వేరుశనగ చేలు మోకాలెత్తు కూడా లేని పచ్చదనంతో పరుచుకుని ఉన్నాయి. రోడ్డు బాగుంది, ఎదురు బండ్లు లేవు. ఒక మెత్తటి మలుపు, తర్వాత ఇంకో మలుపు. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు తోస్తే చాలు, బండి దానంతట అదే ఎడమకు వాలుతుంది. తోయడం, వాలడం, లేవడం. ఈసారి కుర్రాడికి ముందు నేనున్నాను; అద్దంలో చూస్తే అతను వెనకే వస్తున్నాడు, రోడ్డు అంచులు కలిసేచోట కళ్లు పెట్టి. పొద్దున అతనిలో ఉన్న తొందర లేదు, భయమూ లేదు. అంత అందంగా అతను బండి నడపడం నేను అప్పుడే చూశాను.

వనపర్తిలో దీపాలు పెట్టే వేళకు రాజప్రాసాదం ముందు ఆగి టీ తాగాం. 1959 నుంచి అందులో పాలిటెక్నిక్ నడుస్తోంది. మెకానిక్ అన్న ఆ గేటు దగ్గర నిలబడి, "ఇంజన్ విప్పుడు నేర్చుకున్నది ఇక్కడనే" అన్నాడు. రాజుల మేడలో రైతుబిడ్డలు పనిముట్లు పట్టడం నేర్చుకోవడం నాకెప్పుడూ గొప్పగానే తోస్తుంది.

ఎనిమిది గంటలకు బీచుపల్లి వంతెన. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి దీపాలు, కింద చీకట్లో కృష్ణ. పొద్దున జూరాలలో, మధ్యాహ్నం సోమశిలలో, రాత్రి ఇక్కడ. ఎర్రవల్లి చౌరస్తాలో మలుపు తిరిగి గద్వాల చేరేసరికి కోట దగ్గర చెల్లెలి తల్లి నిలబడి ఉంది. ఎవరూ ఏమీ చెప్పకముందే కుర్రాడి చినిగిన తొడుగు చూసింది. అతని చెయ్యి తిప్పి తిప్పి చూసి, ఏమీ కాలేదని తేలాక ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టింది.

శ్రోతలారా, ఈ మాట వింటున్నవాళ్లలో బండి నడిపే కుర్రాళ్లుంటే వాళ్లకు నా మనవి. కోతల కాలంలో పల్లె మలుపులో మీకు కనబడని చోట వడ్లున్నాయనే అనుకుని తిరగండి. హెల్మెట్ పట్టీ బిగించుకోండి, వెనక కూర్చున్నవాళ్ల పట్టీ కూడా. రైతు సోదరులకు, అక్కలకు నా మనవి: తప్పనిసరై రోడ్డు మీద పోస్తే మలుపులో పోయకండి, రాళ్లు పెట్టకండి, చాలా ముందే కొమ్మలు పెట్టండి, పొద్దు గూకకముందే ఎత్తేయండి. ఊరి పెద్దలకు, అధికారులకు నా మనవి: ప్రతి ఊరికీ కల్లాలు కట్టించండి. ఆ అవ్వ ఈ యాసంగి వడ్లు కూడా ఆ చింతచెట్ల మలుపు దగ్గరే ఆరబోయాలి. ఆమెకు ఇంకా కల్లం లేదు.